లేని సీను

మా బావగారు సినిమా చూస్తూ నిద్రపోతారు. ఈ సంగతి పదకొండేళ్ళుగా నాకొక్కదానికే తెలుసు. మా ఫిల్మ్ క్లబ్బులో మిగతావాళ్ళందరూ ఆయన ఆలోచిస్తున్నారనుకుంటారు.

వాళ్ళు అలా అనుకోవడంలో తప్పేం లేదు. ఆయన నిద్రపోయే తీరే అలాంటిది. వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం కింద చెయ్యి ఆనించి, కళ్ళజోడు తియ్యకుండానే నిద్రపోతారు. గురక ఉండదు. సినిమా మొదలైన ఇరవయ్యో నిమిషంలో కునుకు తీసి, చివర్లో పేర్లు పడేటప్పుడు లేస్తారు. లేవగానే ఒక నిట్టూర్పు విడుస్తారు. అది విని పక్కవాళ్ళు పాపం ఎంత కదిలిపోయారో అనుకుంటారు. నా దగ్గర మాత్రం ఆ పప్పులుడకవు. నా పని దవడలతో. మేలుకున్న మనిషికి చెవి కింద ఒక కండ కాస్త బిగిసి ఉంటుంది. నిద్రపోయినవాడికి అది వదులైపోయి, పెదాలు మూసి ఉన్నా బుగ్గ కిందికి జారుతుంది. ఆయన పక్క కుర్చీ నాదే కాబట్టి ప్రతి శనివారం ఆ జారుడు చూస్తూనే ఉన్నాను.

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తారు. అచ్చు మీద మనిషి పేరుండదు, నంబరుంటుంది. నేను మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే వరసలో నిలబెట్టి, ఎక్కడ పొడుచుకొస్తోందో చూసి అరగదీసి, మెరుగుపెట్టి పంపిస్తాను. ఒక్కోసారి బస్సులో ఎదురుగా ఎవరో పెద్దాయన నవ్వుతాడు, అవి నా చేతి పళ్ళేనని నాకు తెలిసిపోతుంది. చెప్పను. పళ్ళు పెట్టుకున్నవాళ్ళవే తప్ప చేసినవాళ్ళవి కావు. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. మాటల సంగతి వేరు.

మా ఫిల్మ్ క్లబ్బంటే పెద్దగా ఊహించుకోవద్దు. గ్రంథాలయం మేడ మీద ఒక హాలు, నలభై కుర్చీలు, నల్ల కర్టెన్లు, ఒక తెర. శనివారం మధ్యాహ్నం మూడింటికి, మామూలు థియేటర్లలో ఒక్క ఆట కూడా ఆడని సినిమా ఒకటి వేస్తారు. మనిషి గోడను చూస్తూ కూర్చునే సినిమాలు, మనసు చెదిరిన వాళ్ళ సినిమాలు, మూసిన గదిలో ఒకే మనిషి ఇద్దరైపోయే సినిమాలు. అయిపోయాక టీ, బిస్కెట్లు. టీకి ముందు ప్రతి ఒక్కరూ ఒక కార్డు మీద తమ అభిప్రాయం రాసి చెక్కపెట్టెలో వెయ్యాలి. పేరు రాయకూడదు. పేరుంటే రిటైర్డ్ జడ్జిగారు ఏం రాస్తే అందరూ దానికే తలూపుతారని, అభిప్రాయానికి మొహం ఉండకూడదని క్లబ్బు పెట్టిన రోజునే బావగారు ఈ పద్ధతి పెట్టారు. అధ్యక్షుడు కూడా ఆయనే. పెట్టె తెరిచి ఓ పది కార్డులు పైకి చదివి, కట్ట మొత్తం ఇంటికి పట్టుకెళ్ళేవారు. ఆదివారం పత్రికలో ఆయనకొక సినిమా శీర్షిక ఉంది, దానికి పనికొస్తాయని.

నా కార్డు ఒక్కసారి కూడా పైకి చదవలేదు. నేను కాస్త కారంగా రాస్తాను కాబట్టి మర్యాద కోసం పక్కన పెడుతున్నారనుకున్నాను.

నిజంగానే కారంగా రాస్తాను. నాకు ఈ సినిమాలంటే ప్రాణం, అందుకే తిడతాను. ఒక దర్శకుడు పదకొండు నిమిషాలపాటు హీరోచేత గోడ చూపించాడు. నేనేం రాశానంటే, "గోడను ఎంతసేపైనా చూడొచ్చు, కానీ గోడ అవతల ఏముందో చూసేవాడికి తెలియాలి. దర్శకుడికి తెలీదు, నటుడికి తెలీదు, నాకు మాత్రం తెలియాలట." ఇంకో సినిమాలో మతి తప్పినావిడ గంటసేపు అద్దాల ముందు తిరిగింది. "మతి అద్దం ముందు తప్పదు, కుళాయి దగ్గర తప్పుతుంది. కట్టానా లేదా అని ఏడోసారి లేచి వెళ్ళినప్పుడు ఆవిడ మొహం చూపించాల్సింది" అని రాశాను. భార్య మొదట్నుంచీ చనిపోయే ఉందని చివర్లో తేల్చే సినిమాలు నాకు గిట్టవు. చచ్చిపోయిందని చెప్పి భయపెట్టేకంటే, బతికుండగా వాడు ఆవిడతో ఎలా మాట్లాడేవాడో చూపిస్తే ఒళ్ళు జలదరించేది. వాన చూపించి బాధపడమంటారు. వాన పడితే నేను పరుగెత్తి ఆరేసిన బట్టలు తీస్తాను, నాకు బాధపడే తీరికెక్కడిది?

మెచ్చుకున్నవీ ఉన్నాయి. తండ్రీ కొడుకూ ఇరవై ఏళ్ళకి రైల్వే క్యాంటీన్లో కలిసి ఒక్క మాటా మాట్లాడకుండా విడిపోయే సినిమా ఒకటి వేశారు. హాల్లో సగం మంది అది అర్థం కాలేదని అనలేక అద్భుతం అన్నారు. నేను కొడుకు మొహమే చూస్తూ కూర్చున్నాను. "ఏడవని మనిషి ఏడుపంతా దవడ కింద దాచుకుంటాడు. ఈ సినిమాలో నిశ్శబ్దం ఉన్న చోటు అదే" అని రాసి పెట్టెలో వేశాను. రాశాక ఆ రోజంతా సంతోషంగా ఉంది నాకు.

రెండేళ్ళ తర్వాత, మొన్నటి వేసవిలో, టీ తాగుతూ ఏదో మాటల మీద ఆ వాక్యమే పైకి అన్నాను. జడ్జిగారు బిస్కెట్టు టీలో ముంచబోయి ఆగిపోయారు.

"అమ్మా, అది మీ బావగారి వాక్యం" అన్నారు. "వచ్చే నెల రాబోతున్న ఆయన పుస్తకం పేరే 'దవడ కింది నిశ్శబ్దం'. వాడుకోవడంలో తప్పులేదు, ఆయన పేరు చెప్పి వాడుకోవాలి. చదువుకున్నదానివి, ఆమాత్రం తెలియదా?"

పక్కనే అద్భుతంగారు ఉన్నారు. ఏ సినిమాకైనా ఆ ఒక్క మాటే అంటారు కాబట్టి ఆయనకా పేరొచ్చింది. "ఇంట్లో పెద్దాయన ఉంటే మాటలు అంటుకుంటాయిలెండి" అని నా తరఫున ఆయన సర్ది చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నేను బావగారి శీర్షిక ఒక్క వారం కూడా చదివి ఎరగను. నిద్రపోయిన మనిషి ఏం రాస్తాడులే అని. అదే నేను చేసిన పొరపాటు. టీ కప్పు అక్కడే పెట్టి మెట్లు దిగి కింద గ్రంథాలయంలోకి వెళ్ళాను. పాత పత్రికలు ఏడాదికొకటిగా కుట్టి అట్టలు వేసి ఉన్నాయి. పదకొండు కట్టలూ తెప్పించుకుని మూసేవేళ దాకా కూర్చున్నాను. గోడ ఉంది. కుళాయి ఉంది. ఆరేసిన బట్టలు కూడా ఉన్నాయి, కాకపోతే మా బావగారు ఎప్పుడు బట్టలు తీశారో నాకు తెలీదు. నేను ఒక్క ఊపిరిలో రాసిన కార్డుని చక్కగా విప్పి, ముందొక మాట వెనకొక మాట చేర్చి, నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయిన దాన్ని కూడా పట్టుకుని రాసిన వ్యాసాలు అవి. బాగున్నాయి. అది నన్ను ఇంకా మండించింది.

తిన్నగా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. బావగారు వరండాలో కుర్చీలో ఉన్నారు. లోపలి గదిలో అక్క వాళ్ళ అత్తగారికి పక్క దుప్పటి మారుస్తోంది. క్లబ్బు పెట్టిన ఏడే ఆవిడకి పక్షవాతం వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా, ఆ ఒకరు ఎప్పుడూ అక్కే. నాకు పదిహేనేళ్ళప్పుడు చెయ్యి పట్టుకుని ఇలాంటి సినిమాకి మొదటిసారి తీసుకెళ్ళింది అక్క. క్లబ్బు మెట్లు మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు.

"బావగారూ, నా మాటలు మీరు రాసుకున్నారు" అన్నాను.

ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే ఉన్నారు. "ఏ మాటలమ్మాయ్?"

"దవడ కింది నిశ్శబ్దం."

"ఓ, అదా." కళ్ళజోడు తుడుచుకున్నారు. "అభిప్రాయం అనేది గాలి లాంటిది. మా కిటికీలోంచి వీచింది మీ ఇంటి గాలే అంటే ఎలా? అయినా కార్డు మీద పేరు రాశావా? రాయకూడదు. అది మన పద్ధతి."

"పద్ధతి పెట్టింది మీరు."

"మంచిదే కదా పెట్టాను. చూడూ, నువ్వు పళ్ళు బాగా చేస్తావు. నేనెప్పుడైనా పళ్ళ జోలికొచ్చానా?"

లోపల్నుంచి అక్క వచ్చింది, చేతిలో విడిచిన దుప్పటితో. నా వైపు చూడలేదు. "పోనీలేవే. ఇంట్లో మాటే కదా, పైవాళ్ళదా" అంది.

అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. పైవాళ్ళు దోచుకుంటే కనీసం అరవచ్చు. పుస్తకం అచ్చయి వచ్చేస్తే ఆ మాటలు ఇక ఆయనవే. ఆ తర్వాత నేను నోరు తెరిచి ఏమన్నా జడ్జిగారు బిస్కెట్టు ఆపి నన్ను మందలిస్తారు. నేను చూసింది నాది కాకుండా పోతుంది. ఈయన్ని నలుగురిలో నిలబెట్టి, నిద్రపోయావని నిరూపించి, మొహం మాడ్చకపోతే నేను నేనే కాదనుకుంటూ ఇంటికొచ్చాను. వారం రోజులు లాబ్‌లో పళ్ళు అరగదీస్తూ దాని గురించే ఆలోచించాను. ఆ వారం రెండు పళ్ళ సెట్లు ఎక్కువ అరిగి, మళ్ళీ చెయ్యాల్సొచ్చింది.

అవకాశం దానంతటదే వచ్చింది. ఒక కొత్త దర్శకురాలి సినిమా శనివారం వేస్తున్నారు. రెండు వారాల తర్వాత ఆవిడే స్వయంగా వస్తుంది, అదే సభలో బావగారి పుస్తకం విడుదల, అదే సభలో ఆవిడ సినిమా మీద ఆయన వ్యాసం చదువుతారు. మూడూ ఒకే రోజు. బావగారే అలా కుదుర్చుకున్నారు.

సినిమా బాగుంది. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడకి పక్క వాటాలోంచి తన గొంతే వినిపిస్తూ ఉంటుంది. మొదట్లో తలుపు కొట్టి అడుగుతుంది, తర్వాత గోడకి చెవి ఆనించి వింటుంది, చివరికి ఆ గొంతుకి జవాబు చెబుతుంది. అద్దాల్లేవు, వాన లేదు. నాకు దర్శకురాలి మీద గౌరవం కలిగింది. బావగారు ఎప్పటిలాగే నిద్రలోకి జారారు. గడియారం చూసుకున్నాను, పద్దెనిమిదో నిమిషమే. వయసు మీద పడుతోంది.

అయిపోయాక కార్డు తీసుకుని, ఆ సినిమాలో లేని సీను ఒకటి రాశాను.

"మధ్యలో ఆవిడ భోజనానికి కూర్చుంటుంది. కట్టుడు పళ్ళు తీసి గాజుగ్లాసులో వేస్తుంది. ఆ గ్లాసుని తన ముందు కాదు, ఎదురు కుర్చీ ముందు పెడుతుంది. అక్కడ కూడా ఒక పళ్ళెం వడ్డిస్తుంది. తను బోసినోటితో మెత్తగా నములుతూ, ఎదుటివాళ్ళు తినడం మొదలుపెట్టే దాకా ఆగుతుంది. సినిమా అంతా ఈ ఒక్క సీన్లో ఉంది."

అబద్ధం రాస్తున్నానన్న బెరుకు ఒక్క క్షణం కూడా లేదు. పైగా అంత మంచి కార్డు నేనెప్పుడూ రాయలేదు. ఆ నటికి పళ్ళన్నీ సొంతవే. పై వరసలో ఒక పన్ను కాస్త వంకర, అది నవ్వినప్పుడల్లా కనబడుతూనే ఉంది. కళ్ళు తెరిచి చూసిన ఎవరైనా సరే ఈ కార్డు చదవగానే నవ్వి అవతల పారేస్తారు. బావగారు పెట్టె తెరిచారు, కార్డులు తిరగేశారు, నాది చదివి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నేను రెండో కప్పు టీ తెచ్చుకుని తాగాను.

విడుదల రోజు హాలు కిటకిటలాడింది. అదనపు కుర్చీలు వేశారు. పుస్తకాల కట్టలు బల్ల మీద పేర్చి ఉన్నాయి. ఆ రోజు అక్క కూడా వచ్చింది, వాళ్ళ అత్తగారి దగ్గర ఎవరో తెలిసినావిడని కూర్చోబెట్టి. ఇస్త్రీ చీర కట్టుకుని పుస్తకాల బల్ల పక్కన నిలబడి, ఒక పుస్తకం తెరిచి మొదటి పేజీలే చదువుతోంది, ఎంతసేపటికీ ముందుకి తిప్పకుండా. నేను పలకరించలేదు. పోనీలేవే అన్న మాట ఇంకా లోపల గుచ్చుకుంటూనే ఉంది. అయినా కాసేపట్లో మొగుడి పరువు పోతుంటే చూడాల్సిన మనిషి కదా అని కాస్త జాలి వేసింది. వేసిన జాలిని దిగమింగాను.

బావగారు టైపు చేసిన కాగితాలు పట్టుకుని లేచారు. దర్శకురాలు ముందు వరసలో కూర్చుంది, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఒళ్ళో చిన్న నోటుపుస్తకం. ఆయన గొంతు సవరించుకుని చదివారు. గ్లాసు వచ్చింది. ఎదురు కుర్చీ వచ్చింది. రెండో పళ్ళెం దగ్గర ఆయన గొంతు కాస్త వణికించారు కూడా. "తన నోటిని తానే అతిథిని చేసుకున్న స్త్రీ" అని ఒక వాక్యం ఉంది. అది నాది కాదు, నా కార్డులో లేదు. ఎంత బాగుందో అనిపించి నాకే కోపం వచ్చింది.

చప్పట్లు ఆగాక దర్శకురాలు అడిగింది. "ఆ భోజనం సీను మీకు ఎక్కడ వచ్చినట్టు గుర్తు?"

"మధ్యలో" అన్నారు బావగారు. "సరిగ్గా మధ్యలో. గుండెకాయలాగా."

"గ్లాసు నీలం రంగుది" అన్నారు జడ్జిగారు వెనక నుంచి. "నాకు బాగా గుర్తు."

"అద్భుతం" అన్నారు అద్భుతంగారు. "ఆ సీన్లో నేను కళ్ళు తుడుచుకున్నాను."

ఇంకో నలుగురు గంగిరెద్దుల్లా తలలూపారు. ఇది నేను అనుకోని లాభం. మా క్లబ్బులో అర్థం కాలేదని ఒప్పుకోవడం కంటే చూడలేదని ఒప్పుకోవడం మరీ నామోషీ. ఒక్క బావగారికి పెట్టిన ఉచ్చులో సగం హాలు వచ్చి పడింది.

"నా సినిమాలో ఆ సీను లేదు" అంది దర్శకురాలు. "గ్లాసు లేదు. మా నటికి పళ్ళన్నీ సొంతవే."

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పదకొండేళ్ళ కార్డులు, ఒక్కొక్కటే నా కడుపులో చల్లగా దిగినట్టుంది. జడ్జిగారు జేబు రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. బావగారు చెవుల దాకా ఎర్రబడ్డారు. అలాగే నిలబడి ఉండు స్వామీ, ఇంకాసేపు నిలబడు, అనుకున్నాను.

అక్కడితో ఆవిడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

"కానీ ఉండాల్సింది" అంది. "ఆ సినిమా నాలుగేళ్ళు తీశాను. ఆవిడ ఒక్కతే ఎలా తింటుందో నాకు తట్టలేదు. ఇది ఎవరికి తట్టింది?"

బావగారు ఎంత చప్పున తేరుకున్నారో చూస్తే నాకే ముచ్చటేసింది. వెన్ను నిటారైంది. "విమర్శకుడన్నవాడు" అన్నారు, "తెర మీద ఉన్నదే కాదు, ఉండాల్సినదాన్ని కూడా చూడాలి. అది నేను ఊహించిన సీను. ఉద్దేశపూర్వకంగానే చేర్చాను."

హాలు ఊపిరి పీల్చుకుంది. జడ్జిగారు రుమాలు మడిచి జేబులో పెట్టుకుని గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆయన కొడితే అందరూ కొట్టారు. నేను తవ్విన గోతిలోంచి ఆయన పల్లకీలో బయటికొస్తున్నారు. నా కాళ్ళు నన్నడక్కుండానే లేచి నిలబడ్డాయి.

"అది నాది" అన్నాను. "ఆ కార్డు నేను రాశాను. కావాలనే లేని సీను రాశాను. ఈయన సినిమా చూడరు, నిద్రపోతారు."

"మళ్ళీ మొదలెట్టావా అమ్మా" అన్నారు జడ్జిగారు.

"మా మరదలు" అన్నారు బావగారు దర్శకురాలితో, నవ్వుతూ. "మంచి పిల్ల. ఈ సినిమాలంటే పిచ్చి. కార్డులకి పేర్లుండవు కాబట్టి ఒక్కోసారి అన్నీ తనవేననిపిస్తుంది."

కొందరు నవ్వారు. అప్పుడు పుస్తకాల బల్ల పక్క నుంచి అక్క గొంతు వినిపించింది.

"చివరి కాగితం తిప్పండి" అంది బావగారితో.

"ఏంటీ?"

"మీ చేతిలో ఉన్న కాగితాలు. చివరిది తిప్పండి. వెనక కార్డు పిన్ను పెట్టి ఉంది. అది మా చెల్లెలి చేతిరాత. ఎప్పుడూ తీసేసి ఇస్తాను, ఈసారి తియ్యలేదు."

బావగారు తిప్పలేదు. దర్శకురాలు లేచి, ఆయన చేతిలోంచి కాగితాలు మెల్లగా తీసుకుని తనే తిప్పింది. కార్డు చదివింది.

అక్క అదే గొంతుతో, ఇంట్లో ఏం వండానో చెప్పినట్టు చెప్పింది. "ఆ వ్యాసం నేను రాశాను. ఇదొక్కటే కాదు, ఈ పుస్తకంలోవన్నీ నేనే రాశాను. కార్డులు దానివి. ఆయన కార్డులు తెచ్చి నాకిస్తారు, సోమవారం పొద్దున్నకల్లా కావాలంటారు. ముందుమాటలో ప్రెస్సువాళ్ళకి, కాగితం కొట్టువాళ్ళకి, ఇక్కడ కుర్చీలు సర్దేవాళ్ళకి అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. నా ఊసు లేదు. ఇప్పుడే చదివాను."

ఈసారి చప్పట్లు కొట్టడానికి జడ్జిగారికి కూడా చేతులు రాలేదు. బావగారు కూర్చోబోయి, కుర్చీ వెనక్కి ఉందని చూసుకోక తడబడి, బల్ల పట్టుకుని ఆగారు. పదకొండేళ్ళలో ఆయన మొహం అంత మేలుకుని ఉండగా నేను చూడడం అదే మొదటిసారి. నేను కోరుకున్నదంతా జరిగిపోయింది, నేను అనుకున్నదాని కంటే ఎక్కువే జరిగింది. అయినా నేను ఆయన వైపు చూడడం లేదు. అక్క వైపు చూస్తున్నాను.

మెట్ల మీద దాన్ని పట్టుకున్నాను.

"నువ్వా?" అన్నాను. "నా మాటలు ఎత్తుకెళ్ళింది నువ్వా? ఆ రోజు దుప్పటి పట్టుకుని నిలబడి పోనీలేవే అన్నది ఇందుకా?"

"ఇందుకే."

"సిగ్గులేదూ?"

"ఉంది" అంది. మెట్టు మీద కూర్చుంది. ఇస్త్రీ చీర నలిగిపోతుందని కూడా చూసుకోలేదు. "మొదట్లో నువ్వు రాసిందే కాస్త సాగదీసేదాన్ని. తర్వాత్తర్వాత శనివారం కోసం ఎదురుచూసేదాన్ని. ఆయన కట్ట తెచ్చి బల్ల మీద పడేస్తే నీ కార్డు వెతుక్కునేదాన్ని. సినిమా వేసింది ఎప్పుడో, ఎవరు నటించారో నాకేం తెలుసు? మీరంతా హాల్లో చూశారు. నేను నీ కార్డుల్లో చూశాను."

తిట్లు ఇంకా నోట్లోనే ఉన్నాయి, వాటిని మింగే ఉద్దేశం కూడా నాకు లేదు. నేను బావగారి కోసం ఉచ్చు పన్నాను. కళ్ళు మూసుకున్నవాడు పడతాడనుకుంటే, హాల్లోకి రానేలేని మనిషి పడింది.

"ఆ గ్లాసు సీను నిజంగా లేదా?" అని అడిగింది.

"లేదు."

"ఎదురు కుర్చీ కూడా?"

"ఏదీ లేదు. కల్పించాను."

ఆ సీను గురించి రాయడానికి అక్కకి ఎంతసేపు పట్టిందో, రాస్తూ ఏం తలుచుకుందో నాకు తెలీదు. మళ్ళీ అడిగింది. "పోనీ మిగతావైనా ఉన్నాయా? ఆ అద్దాల ముందు తిరిగినావిడ? రైల్వే క్యాంటీన్లో కొడుకు?"

ఉన్నాయని ఒక్క మాట చెబితే సరిపోయేది. దాని మొహం చూస్తే ఎవరైనా చెప్పేవాళ్ళే. కానీ పదకొండేళ్ళు నన్ను దోచుకున్న మనిషికి అడగ్గానే అంత ఊరట ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

"నేను చెప్పను" అన్నాను. "ఆ సినిమాలన్నీ పైన బీరువాలో ఉన్నాయి. వచ్చి నీ కళ్ళతో చూసుకో. కార్డు కూడా నువ్వే రాసుకో. నాది ముట్టుకున్నావంటే పళ్ళు రాలగొడతాను, మళ్ళీ నేనే చేసివ్వాలి."

అక్క నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

బావగారు ఆరోగ్యం బాగాలేదని రాసిచ్చి అధ్యక్ష పదవి మానేశారు. పత్రికవాళ్ళు శీర్షిక ఆపేశారు. పుస్తకాల కట్టలు విప్పకుండానే వెనక్కి పోయాయి. ఇవన్నీ విని నేను తృప్తిగా భోంచేశాను, అబద్ధమెందుకు. కార్డు మీద పేరు రాయాలన్న కొత్త నియమం నేనే పెట్టించాను. జడ్జిగారు దానికి మద్దతిచ్చారు, ఆ మాటకొస్తే అది తన ఆలోచనేనన్నారు.

తర్వాతి శనివారం అక్క వచ్చింది. వాళ్ళ అత్తగారి దగ్గర ఎవరు ఉన్నారని నేను అడగలేదు, అదీ చెప్పలేదు. బావగారి కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చుంది. నేను సినిమా సగమే చూశాను, మిగతా సగం దాన్ని చూశాను. రెండు గంటలూ రెప్పవేయలేదు. మధ్యలో ఒక చోట, నాకేం కనిపించని చోట, చప్పున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడేముందో నాకు అంతుపట్టలేదు. దీపాలు వెలిగాక కార్డు తీసుకుని, అందరూ టీ తాగడం అయ్యేదాకా రాస్తూనే ఉంది. అటు నిండితే ఇటు తిప్పి రాసింది.

అక్కడ ఏం చూసిందో తెలుసుకోవాలని, పక్క నుంచి కాస్త ముందుకి వంగాను. అక్క నా వైపు చూసి, కార్డుని అరచేత్తో మూసేసింది. తర్వాత దాన్ని పెట్టెలో కూడా వెయ్యకుండా రెండుగా మడిచి సంచిలో పెట్టుకుని, జిప్పు లాగింది.

"ఏం రాశావే?" అన్నాను.

"నేను చెప్పను" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది.